ట్యాబ్‌లో కనిపించే మొగులు ఎంత పాతది?

ఏప్రిల్ చివర్లో మధ్యాహ్నం మూడు దాటిందంటే దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట వైపు ఆకాశాన్ని నమ్మడానికి లేదు. రెండింటి దాకా నిప్పులు చెరిగే ఎండ. ఆ తర్వాత పడమటి దిక్కున చిన్న మబ్బు తునక లేస్తుంది. ఇంకో అరగంటకు మొగులు నల్లబడుతుంది, గాలిదుమారం లేస్తుంది, తోటల్లో మామిడికాయలు రాలిపోతాయి. కొనుగోలు కేంద్రంలో వడ్లు ఆరబోసుకున్న రైతు ఒక కన్ను ఫోన్‌లోని రాడార్ బొమ్మ మీద, ఇంకో కన్ను పడమర మీద పెట్టి, టార్పాలిన్ చేతికి అందేలా ఉంచుకుంటాడు. అదే సమయంలో ఆ మొగులుకు కాస్త దూరంలో, ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ గాలిమోటరు అని పిలిచే చిన్న విమానం ఒకటి ఎగురుతూ ఉండొచ్చు. పైలట్ తొడ మీద పట్టీతో బిగించుకున్న ట్యాబ్‌లో కనిపించేది కూడా దాదాపు అదే బొమ్మ.

రైతు ఒక్కచోట నిలబడి ఉంటాడు. పైలట్ నిమిషానికి మూడు కిలోమీటర్ల చొప్పున ఆ మబ్బు వైపే పోతుండవచ్చు. శిక్షణలో ఎక్కువగా వాడే సెస్నా 152 మామూలు వేగం సుమారు 100 నాట్లు, అంటే గంటకు 185 కిలోమీటర్లు. ఆ వేగంలో ఉన్నవాడికి బొమ్మలో ఏ రంగు ఉందన్న దానికన్నా, ఆ బొమ్మ ఎప్పటిదన్న ప్రశ్నే ముఖ్యం. కానీ యాప్‌లు రంగులను తెర నిండా చూపిస్తాయి, సమయాన్ని మాత్రం మూలన చిన్న అక్షరాల్లో పెడతాయి.

'లైవ్' అనే మాటను ఇక్కడ కొంచెం విప్పి చూడాలి. హైదరాబాద్ బేగంపేటలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. దాని యాంటెన్నా ఒక వాలులో చుట్టూ తిరిగి చూస్తుంది, కొద్దిగా పైకి లేచి మళ్లీ తిరుగుతుంది, ఇంకా పైకి లేచి మరోసారి తిరుగుతుంది. ఇలా పొరలు పొరలుగా ఆకాశాన్ని చూసి ఒక వరస పూర్తి చేసేసరికి నిమిషాలు గడుస్తాయి. కొత్త బొమ్మ దాదాపు పది నిమిషాలకొకసారి వస్తుంది. ఆ లెక్కలన్నీ కలిపి బొమ్మగా మారాలి, సర్వర్‌కు చేరాలి, యాప్ దాన్ని తెచ్చుకోవాలి. చాలా రాడార్ల బొమ్మలను కలిపి కుట్టిన పెద్ద పటమైతే ఆలస్యం ఇంకా పెరుగుతుంది. అందులో ఒక మూల నాలుగు నిమిషాల కిందటిది కావచ్చు, పక్క మూల పన్నెండు నిమిషాల కిందటిది కావచ్చు. తెర మీద మాత్రం అంతా ఒకే క్షణంలో తీసిన ఫొటోలా కనిపిస్తుంది.

దీన్ని మన దారి మీదే లెక్కేసి చూద్దాం. నాగార్జునసాగర్ దగ్గర, కృష్ణ అవతలి ఒడ్డున ఆంధ్ర వైపు ఒక ఎయిర్‌స్ట్రిప్ ఉంది. అక్కడి నుంచి మహబూబ్‌నగర్ వైపు నేరుగా పోతే దేవరకొండ, డిండి జలాశయం, కల్వకుర్తి, జడ్చర్ల పరిసరాల మీదుగా సుమారు 140 కిలోమీటర్లు, అంటే ముప్పావుగంట ప్రయాణం. విమానం దేవరకొండ మీద ఉందనుకుందాం. కల్వకుర్తి దాటి ఇరవై కిలోమీటర్ల అవతల, అంటే విమానానికి 66 కిలోమీటర్ల దూరంలో, బలమైన వానను చూపే ఎర్రటి మచ్చ అంచు ట్యాబ్‌లో కనిపిస్తోంది. ఇంకా ఇరవై నిమిషాల టైముందని పైలట్ అనుకుంటాడు. కానీ బొమ్మ వయసు పదిహేను నిమిషాలు, ఉరుముల మబ్బు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు వస్తోంది అనుకుంటే, అది ఇప్పటికే పది కిలోమీటర్లు ముందుకు వచ్చేసింది. మిగిలింది 56. ఆ మబ్బు కింది నుంచి ఎగదన్నుకొచ్చే ఈదురుగాలి వాన కన్నా ఇరవై కిలోమీటర్ల దాకా ముందే పరుగెత్తగలదు. అప్పుడు మిగిలేది 36. విమానమూ గాలీ ఎదురెదురుగా వస్తున్నాయి కాబట్టి రెండు వేగాలూ కలపాలి. లెక్క తేలేది పది నిమిషాల లోపే. పైలట్ చేతిలో ఉందనుకున్న టైములో సగం బొమ్మ చూపించని చోటే కరిగిపోయింది.

ఇదంతా మబ్బు కదలడం గురించి మాత్రమే. మబ్బు పుట్టడం గురించి లెక్క వేరే ఉంది. పైలట్లు సీబీ అని పిలిచే ఉరుముల మబ్బు ఎదిగేటప్పుడు లోపల గాలి సెకనుకు పది మీటర్ల వేగంతో పైకి లేచినా పది నిమిషాల్లో ఆరు కిలోమీటర్లు ఎదుగుతుంది. ఇంకా బలంగా లేచే సందర్భాలూ ఉంటాయి. బొమ్మ తీసినప్పుడు ఖాళీగా ఉన్న చోట విమానం చేరేసరికి గోడ నిలబడి ఉండొచ్చు. రెండు ఎర్ర మచ్చల మధ్య తేలికపాటి వానను చూపే ఆకుపచ్చ సందు కనిపిస్తే అందులోంచి దూరిపోవచ్చని అనిపించడం సహజం. ఆ సందు మూసుకుపోవడానికి పట్టే కాలం, బొమ్మ పాతబడే కాలం రెండూ ఇంచుమించు ఒకటే.

అమెరికాలో దీని మీద గట్టి హెచ్చరికే వచ్చింది. అక్కడ భూమ్మీది టవర్లు 978 మెగాహెర్ట్జ్ మీద రాడార్ పటాలను, విమానాశ్రయాల వాతావరణ నివేదికలను ఉచితంగా ప్రసారం చేస్తాయి. చిన్న రిసీవర్ ఒకటి విమానంలో పెట్టుకుంటే అది వైఫై ద్వారా ట్యాబ్‌కు అందిస్తుంది. ఫోర్‌ఫ్లైట్, గార్మిన్ పైలట్ లాంటి యాప్‌లలో దారి మీదే వాన కనిపిస్తుంది. ఇంత మంచి ఏర్పాటు ఉన్నా 2012 జూన్‌లో ఆ దేశ రవాణా భద్రతా మండలి పైలట్లకు ప్రత్యేక హెచ్చరిక జారీ చేసింది. తెర మీద కనిపించే 'ఒక నిమిషం కిందటిది' అన్న అంకె పటాన్ని కుట్టిన సమయం నుంచి లెక్కే గానీ, రాడార్ ఆ వానను చూసిన సమయం నుంచి కాదు. అసలు వాన ఎప్పుడూ ఆ అంకె కన్నా పాతదే. మరీ చెడ్డ సందర్భాల్లో పదిహేను ఇరవై నిమిషాల తేడా కూడా ఉండొచ్చని ఆ హెచ్చరిక చెప్పింది. 2010 మార్చిలో టెన్నెసీలో కూలిన అంబులెన్స్ హెలికాప్టర్‌ను, 2011 డిసెంబర్‌లో టెక్సస్‌లో కూలిన చిన్న విమానాన్ని ఉదాహరణలుగా చూపింది.

మన దగ్గర చిన్న విమానాలకు అలాంటి ప్రసారమే లేదు. ట్యాబ్‌కు బొమ్మ రావాలంటే సిమ్ కార్డే దిక్కు. సెల్ టవర్ యాంటెన్నాలు నేల మీది మనుషుల కోసం కొంచెం కిందికి వంచి ఉంటాయి. మూడు వేల అడుగుల ఎత్తులో ఫోన్‌కు ఒకేసారి ఎన్నో టవర్లు కనిపిస్తాయి, దేనితోనూ స్థిరంగా కుదరదు. డేటా తెగుతూ అతుకుతూ ఉంటుంది. ఇక అమ్రాబాద్ అడవి మీదికి పోతే నేల మీదే సిగ్నల్ అంతంతమాత్రం. అప్పుడు చాలా యాప్‌లు చేసే పని చివరగా దొరికిన బొమ్మను అలాగే చూపిస్తూ కూర్చోవడం. ఎర్ర దీపం వెలగదు, గంట మోగదు. విమానం గుర్తు మాత్రం జీపీఎస్ పుణ్యమా అని పటం మీద చక్కగా కదులుతూనే ఉంటుంది. గుర్తు కదులుతుంటే కింద ఉన్న వాన కూడా ఇప్పటిదే అన్న భ్రమ కలుగుతుంది. మొత్తం వ్యవహారంలో అసలైన ప్రమాదం ఇక్కడే ఉంది. ఒకే తెర మీద ఇప్పటి స్థానమూ, ఎప్పటిదో వానా పక్కపక్కనే కనిపిస్తాయి.

దానికి తోడు టైము తికమక ఒకటి. విమానయాన వాతావరణ నివేదికల మీద ఉండేది గ్రీనిచ్ సమయం. 1000 అని ఉంటే మనకు మధ్యాహ్నం మూడున్నర. ఐదున్నర గంటలకు బదులు ఆరు కలిపేస్తే అరగంట పాత బొమ్మ తాజాదిగా కనిపిస్తుంది. చిన్న పొరపాటే గానీ, తొందరలో ఎవరికైనా జరిగేదే.

వయసు తర్వాత చూడాల్సింది ఎత్తు. భూమి గుండ్రంగా ఉంటుంది, రాడార్ కిరణం దాదాపు తిన్నగా పోతుంది. అందుకే దూరం పెరిగేకొద్దీ కిరణం నేల నుంచి పైపైకి పోతుంది. బేగంపేట నుంచి మహబూబ్‌నగర్ నేరుగా 90 కిలోమీటర్ల పైచిలుకు. అర డిగ్రీ వాలుతో చూస్తే అక్కడ కిరణం మధ్యభాగం రాడార్ ఎత్తు కన్నా సుమారు 1.3 కిలోమీటర్ల పైన ఉంటుంది. సాగర్ దగ్గరికి దాదాపు 135 కిలోమీటర్లు, అక్కడ రెండు కిలోమీటర్లు దాటేస్తుంది. సాగర్ నేల హైదరాబాద్ కన్నా బాగా పల్లంలో ఉంది కాబట్టి నేల నుంచి కొలిస్తే ఇంకా ఎక్కువ. చిన్న విమానం ఎగిరేదేమో కిలోమీటరు ఎత్తులో. దాని రెక్కల చుట్టూ ఉన్న గాలిని ఆ రాడార్ చూడనే చూడదు. మచిలీపట్నం రాడార్ సాగర్‌కు ఇంకా దూరం, దాదాపు 200 కిలోమీటర్లు. నల్లగొండ జిల్లా దక్షిణపు అంచు మీద ఎగిరేవాళ్లకు ట్యాబ్‌లో కనిపించేది మబ్బు నడుము, భుజాలు. పాదాలు కనిపించవు.

దీని ఫలితం ఎండాకాలంలో ఒక రకంగా, వానాకాలంలో ఇంకో రకంగా ఉంటుంది.

ఎండాకాలం సంగతి ముందు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. గాలిలో తేమ తక్కువ. ఉష్ణోగ్రత 40, మంచుబిందు స్థానం (గాలి చల్లబడి అందులోని తేమ నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 18 అనుకుంటే తేడా 22. ఒక్కో డిగ్రీకి 125 మీటర్ల చొప్పున లెక్కేస్తే మబ్బు అడుగు దాదాపు 2,750 మీటర్ల ఎత్తులో ఏర్పడుతుంది. అంత ఎత్తు నుంచి పడే వాన చినుకులు కిందికి వస్తూ పొడి గాలిలో ఆవిరైపోతాయి. దూరం నుంచి చూస్తే మబ్బు కింద బూడిదరంగు కుచ్చులు వేలాడుతున్నట్టు, అవి నేలను తాకకుండానే మాయమైనట్టు కనిపిస్తుంది. పల్లెల్లో ఇలాంటి మబ్బును చూసి 'ఉత్త గాలే, వాన లేదు' అంటారు. రైతుకు అది నిరాశ. పైలట్‌కు మాత్రం అన్నిటికన్నా చెడ్డ మబ్బు అదే. చినుకు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి రాయిలా కిందికి పడుతుంది, నేలను కొట్టుకొని అన్ని వైపులా చిమ్ముతుంది. దుమారం లేచేది అందుకే.

దిగబోతున్న విమానం ఆ చిమ్ముడులో చిక్కితే ముందు ఎదురుగాలి తగిలి విమానం పైకి లేస్తుంది. పైలట్ ఇంజిన్ పవర్ తగ్గిస్తాడు. కొన్ని సెకన్లలో కిందికి నెట్టే గాలి, ఆ వెంటనే వెనక గాలి. వేగం ఒక్కసారిగా పడిపోతుంది. 110 హార్స్‌పవర్ ఇంజిన్ ఉన్న చిన్న విమానం, అదీ ఎండకు పలచబడిన గాలిలో, తేరుకోవడానికి ఎత్తు చాలదు. ఇంత జరుగుతున్నప్పుడు రాడార్ బొమ్మలో ఏముంటుంది? లేత ఆకుపచ్చ మచ్చ. రాడార్ చూసేది చినుకులను, వడగళ్లను. చినుకులు ఆవిరైపోయిన చోట దానికి చూడటానికి పెద్దగా ఏమీ మిగలదు. ఎర్ర రంగుకు భయపడి, ఆకుపచ్చను తేలిగ్గా తీసుకోవడం అలవాటైన కంటికి ఇక్కడ అలవాటే శత్రువు. కిటికీలోంచి చూస్తే మాత్రం వేలాడే కుచ్చులు, నేల మీద లేస్తున్న ఎర్రటి దుమ్ము, ఒకే వైపు వాలిపోయిన చెట్లు అన్నీ చెబుతూనే ఉంటాయి.

వానాకాలం ఇందుకు పూర్తిగా వేరు. జులై, ఆగస్టుల్లో నల్లమల మీద మబ్బు కిందికి దిగి కొండలను ఆనుకొని కూర్చుంటుంది. ముసురు పడుతుంది. ఆ మబ్బు పల్చనిది, దాని తల సాగర్ దగ్గర రాడార్ కిరణానికి అందకపోవచ్చు. కిరణం దాని మీదుగా పోతుంది, బొమ్మ శుభ్రంగా ఉంటుంది. చలికాలం పొద్దున జలాశయాల మీద కమ్మే పొగమంచు కూడా అంతే, రాడార్‌కు అది లేనట్టే. కంటితో చూస్తూ ఎగిరే విమానాలకు సాధారణ నియమం ఏమిటంటే కనీసం ఐదు కిలోమీటర్ల దూరం కనిపించాలి, మబ్బుకు పక్కగా 1,500 మీటర్లు, పైకీ కిందికీ 300 మీటర్ల ఎడం ఉండాలి. ఈ మూడింటిలో ఒక్కదాన్ని కూడా రాడార్ బొమ్మ కొలవదు. అమ్రాబాద్ వైపు నేల కూడా ఎత్తు పెరుగుతూ పోతుంది. పైన మబ్బు దిగుతూ, కింద కొండ లేస్తూ ఉంటే మధ్యలో మిగిలే సందు గురించి ట్యాబ్‌కు ఏమీ తెలియదు.

ఆ సందులోంచి మబ్బులోకి జారితే ఏమవుతుందో చాలా కాలం కిందటే తేలింది. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, పరికరాల మీద ఆధారపడి ఎగరడం నేర్చుకోని ఇరవై మందితో ప్రయోగం చేశారు. బయట ఏమీ కనబడని స్థితిలో విమానం అదుపు తప్పడానికి సగటున పట్టింది 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు. తల దించి ట్యాబ్‌లో బొమ్మను పెద్దది చేసి, చిన్నది చేసి, సిగ్నల్ కోసం ఎదురుచూసే పనికి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

ఇంకో గందరగోళం యాప్‌లలోనే ఉంది. కొన్ని యాప్‌లలో అందంగా కదిలే వాన, గాలి బొమ్మలు రాడార్ చూసినవి కావు. అవి కంప్యూటర్ మోడల్ వేసిన అంచనాలు. యూరప్ వాతావరణ కేంద్రం మోడల్ బాగా పేరున్నది, అది భూమిని గడులుగా విడగొట్టి లెక్కేస్తుంది, ఒక్కో గడి పొడవు తొమ్మిది కిలోమీటర్లు. అల్పపీడనం ఎటు పోతుంది, రేపు మబ్బు పడుతుందా అన్నవాటికి అది ఎంతో పనికొస్తుంది. కల్వకుర్తి దగ్గర ఈ సాయంత్రం లేచే ఒక్క సీబీ ఆ గడికి సరిగ్గా చిక్కదు. మోడల్ వాన చూపించిందని మంచి రోజున ప్రయాణం మానుకుంటే మబ్బును చూసి ముంత ఒలకబోసుకున్నట్టే, పోనీ అందులో పోయేది కాస్త సమయం. మోడల్ శుభ్రంగా ఉందని బయలుదేరడం దానికన్నా ఎన్నో రెట్లు చెడ్డది. ఏ బొమ్మ చూసినది, ఏ బొమ్మ ఊహించినది అన్నది నేల మీదే తేల్చుకోవాలి.

ట్యాబ్ వస్తువుగా కూడా మన ఎండకు తట్టుకునేది కాదు. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాడాలని తయారీ సంస్థే చెబుతుంది. నల్లగొండలో మే నెల నీడలోనే అంతకన్నా పది డిగ్రీలు ఎక్కువ ఉండే రోజులున్నాయి. గాజు కిటికీల కింద, ఏసీ లేని కాక్‌పిట్‌లో అది వేడెక్కి హెచ్చరిక చూపి ఆగిపోతుంది. సీబీలు లేచే కాలమూ, ట్యాబ్ ఆగిపోయే కాలమూ మనకు ఒకటే కావడం గుర్తుంచుకోదగ్గ విషయం. కాగితం మ్యాప్‌ను ఇంకా సంచిలో పెట్టుకునే శిక్షకులను పాతకాలపువాళ్లని అనుకోనక్కర్లేదు.

ఇంతా చెప్పాక, ట్యాబ్‌ను పక్కన పెట్టేయాలని అర్థం కాదు. దాని అసలు బలం విమానం ఎక్కకముందు ఉంది. రన్‌వే పక్కన సిగ్నల్ బాగున్న చోట కూర్చొని రాడార్ బొమ్మలను గంటసేపటివి వరసగా చూస్తే మచ్చలు ఎటు కదులుతున్నాయో, పెరుగుతున్నాయో తరుగుతున్నాయో తెలుస్తుంది. ఒక్క బొమ్మ కన్నా ఆ వరస ఎంతో నిజం చెబుతుంది. దాంతోపాటు ఇన్శాట్ ఉపగ్రహ చిత్రాలు, హైదరాబాద్, కర్నూలు, విజయవాడ విమానాశ్రయాల తాజా నివేదికలు చూడాలి. పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ మన చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల జాడ చెబుతుంది. పొలం పనివాళ్ల ప్రాణాల కోసం చేసిన యాప్ అయినా, మెరుపు ఉందంటే అక్కడ సీబీ ఉన్నట్టే కాబట్టి బయలుదేరేముందు పైలట్‌కూ పనికొస్తుంది.

గాల్లోకి లేచాక ట్యాబ్‌లోని బొమ్మతో చేయదగ్గ పని ఒక్కటే: దూరంగా తప్పుకోవడం. బలమైన ఉరుముల మబ్బుకు కనీసం 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్ల ఎడం పాటించాలన్నది అమెరికా విమానయాన సంస్థ సలహా. ఇంత ఎడం పెట్టుకుంటే పదిహేను నిమిషాల పాత బొమ్మ కూడా ఉపయోగపడుతుంది. ఐదు కిలోమీటర్ల సందు వెతుక్కునేవాడికి రెండు నిమిషాల కొత్త బొమ్మ కూడా చాలదు. దారిలో దేవరకొండ దాటేసరికి పడమర నల్లగా ఉంటే సాగర్‌కు తిరిగిపోవడం పావుగంట పని. ఆ నిర్ణయానికి బొమ్మ లోడయ్యేదాకా ఆగాల్సిన అవసరం లేదు, రేడియోలో అడిగితే కంట్రోలర్ తనకు తెలిసింది చెబుతాడు, వెనక్కి తిరుగుతుంటే వద్దనేవారు ఎవరూ ఉండరు.

మరి మన దగ్గర కూడా విమానంలోకే వాతావరణం ప్రసారం కావాలా? కావాలి. దానికి కావాల్సిన ముడిసరుకు చాలావరకు ఇక్కడే ఉంది. తెలంగాణలో మండలాల వారీగా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు పనిచేస్తున్నాయి. రాడార్ పైనుంచి చూడలేని నేల గాలిని కొలిచేది అవే. విమానాల కోసం కట్టిన మన గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా, సముద్రంలో సెల్ సిగ్నల్ అందని మత్స్యకారులకు తుపాను హెచ్చరికలు పంపే జెమిని పరికరాన్ని 2019లో తెచ్చారు. ఒడ్డు దాటిన పడవకు ఆకాశం నుంచి కబురు పంపగలిగినప్పుడు, అమ్రాబాద్ అడవి మీద సిగ్నల్ పోయిన చిన్న విమానానికి పంపడం ఊహకు అందని పనేమీ కాదు. దేవరకద్ర దగ్గర విమానాశ్రయం ప్రతిపాదన ఉన్న ప్రాంతంలో రన్‌వే పొడవు గురించి జరిగినంత చర్చ ఈ కబురు గురించీ జరగాలి. అందుకు రంగుల పటం కూడా అక్కర్లేదు. 'కల్వకుర్తికి పడమర సీబీ, తూర్పుకు కదులుతోంది, ముందు ఈదురుగాలి ఉంది, చూసిన సమయం మూడు ఇరవై' అన్న ఒక్క వాక్యం, అందులోనూ ఆ చివరి మాట, పైలట్‌కు సమయానికి చేరితే చాలు.